ఇంటి పార్టీకి తక్కువ ఖర్చులో లేజర్ లైట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫంక్షన్లకు లైటింగ్ పెట్టడం మా పని. కర్నూలు, అనంతపురం, కడప మూడు వైపులా తిరుగుతుంటాం. ఇంట్లో చిన్న పార్టీ పెట్టుకునేవాళ్లు ఫోన్ చేసి అడిగే సందేహాలు ఎప్పుడూ దాదాపు అవే. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే బదులు ఒకచోట రాసిపెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ధరలు షాపుకొక తీరుగా ఉంటాయి కాబట్టి ఇక్కడ రాసినవి అంచనాకు మాత్రమే.

## కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

ఇంట్లో పార్టీకి లేజర్ లైట్ అసలు అవసరమా?

పార్టీ ఎప్పుడు, ఎక్కడ అన్నదాన్ని బట్టి చెప్పాలి. మధ్యాహ్నం భోజనాలతో అయిపోయే గృహప్రవేశానికో, పగటిపూట నామకరణానికో లేజర్ పెట్టడం డబ్బు దండగ. వెలుతురులో అది కనిపించనే కనిపించదు. రాత్రి హాల్లో పాటలు పెట్టుకుని పిల్లలు, కుర్రాళ్లు డాన్సు చేస్తారంటే మాత్రం వెయ్యి రూపాయల డబ్బా కూడా గదిని మార్చేస్తుంది. లేజర్‌కు ముందు కావాల్సింది చీకటి. ట్యూబ్‌లైట్లు ఆపడానికి ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరనిపిస్తే ఈ ఆలోచన మానేసి రంగు బల్బులతో సరిపెట్టుకోండి.

లేజర్ లైట్‌కూ, డిస్కో లైట్‌కూ తేడా ఏంటి?

డిస్కో బల్బు, పార్ లైట్ లాంటివి ఎల్‌ఈడీలతో పనిచేస్తాయి. వాటి వెలుగు విచ్చుకుని గోడకు, మనుషులకు రంగు పూస్తుంది. లేజర్ వెలుగు గది దూరంలో పెద్దగా విచ్చుకోదు. సన్నటి గీతలా వెళ్లి గదిలో ఏ మూల నుంచైనా గోడ మీద చుక్కగానే పడుతుంది. చవక డబ్బాల్లో ఉండే లేజర్లు ఒకటో రెండో. వాటి ముందు సన్నటి గీతలు చెక్కిన ఒక బిళ్ల ఉంటుంది. ఒక్క గీత ఆ బిళ్లలోంచి వెళ్లి వందల చుక్కలుగా చీలుతుంది. బిళ్లను చిన్న మోటారు తిప్పుతుంది కాబట్టి చుక్కలు కదులుతాయి. లోపల ఉన్నది ఇంతే. "3డి", "గెలాక్సీ", "120 ప్యాటర్న్లు" అని అట్టపెట్టె మీద ఏం రాసినా ఎక్కువగా ఈ బిళ్ల మహిమే.

నా బడ్జెట్ రెండు వేలు. ఏం కొంటే బాగుంటుంది?

రెండు వేలూ లేజర్ మీదే పెట్టొద్దు. ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు వేసే చిన్న లేజర్ డబ్బా వెయ్యికి అటూ ఇటూగా దొరుకుతుంది. మిగతా డబ్బుతో గదికి రంగు పూసే ఎల్‌ఈడీ లైట్ ఒకటి తీసుకోండి. చుక్కలు ఒక్కటే తిరుగుతుంటే గది నల్లగా ఉండి మనుషులు కనిపించరు. వెనక నుంచి ఒక నీలమో, ఊదానో పడితే అప్పుడు పార్టీలా ఉంటుంది.

మరీ తక్కువలో కావాలంటే హోల్డర్‌కు తగిలించే తిరిగే డిస్కో బల్బు రెండు మూడు వందల్లో వస్తుంది. కొనేటప్పుడు బల్బు అడుగు భాగం చూడండి. మన ఇళ్లలో ఎక్కువగా పిన్నుల హోల్డర్లు ఉంటాయి, ఈ బల్బులు చాలావరకు మర బిగించే రకం. మధ్యలో పెట్టే కన్వర్టర్ ఇరవై ముప్పై రూపాయలే గానీ, పార్టీ రోజు సాయంత్రం దాని కోసం ఊరంతా తిరగడం ఎంత చిరాకో తిరిగినవాళ్లకే తెలుసు.

ఐదు వేల దాకా పెట్టగలను. అప్పుడు?

అప్పుడు కూడా పెద్ద లేజర్ జోలికి వెళ్లొద్దు. చిన్న లేజర్ డబ్బా ఒకటి, ఒక పార్ లైట్, చిన్న పొగ మిషన్ సమకూర్చుకోండి. పదివేల లేజర్ ఒంటరిగా ఇవ్వలేని అందం ఈ మూడూ కలిసి ఇస్తాయి.

కొనాలా, అద్దెకు తెచ్చుకోవాలా?

అద్దెకిచ్చేవాణ్ణే చెబుతున్నా, చిన్న లేజర్ డబ్బా అయితే కొనుక్కోండి. దాని ధరకు, రెండు మూడుసార్ల అద్దెకు పెద్ద తేడా ఉండదు. పొగ మిషన్, పార్ లైట్ల సెట్టు, తల తిప్పే లైట్లు మాత్రం అద్దెకే మేలు. ఏడాదికి ఒకసారి వాడే పొగ మిషన్ అటక మీద పడి ఉంటే లోపలి గొట్టం పూడుకుపోతుంది, తర్వాతి పుట్టినరోజుకు పనిచేయదు. అద్దెకు తెచ్చేటప్పుడు షాపులోనే ఆన్ చేయించి చూడండి. అడ్వాన్స్ ఎంత, ఎప్పటిలోగా తిరిగివ్వాలి అనేవి కాగితం మీద రాయించుకోండి.

పాపకు మొదటి పుట్టినరోజు. లేజర్ పెట్టొచ్చా?

వద్దు. పెద్దవాళ్ల కంట్లో పడితే రెప్ప కొట్టి ముఖం తిప్పుకుంటారు. ఏడాది పిల్లలు మెరిసేదాన్ని చూసి అటే చూస్తారు, దగ్గరికి పాకుతారు కూడా. రంగు బల్బులు, సీరియల్ సెట్లు, బెలూన్లు చాలు. ఎలాగూ కేకు కోసేలోపే పాప నిద్రపోతుంది.

## ఎంచుకునేటప్పుడు

"10 వాట్ల లేజర్" అని రాసి ఉంది. ఎక్కువ వాట్లుంటే మంచిదే కదా?

ఎక్కువమంది మోసపోయేది ఈ వాట్ల దగ్గరే. ఆ పది వాట్లు సాధారణంగా డబ్బా తినే కరెంటు. మోటారు, ఫ్యాను, బోర్డు, లైటు అన్నీ కలిపిన లెక్క అది. లేజర్ గీత బలాన్ని మిల్లీవాట్లలో కొలుస్తారు. ఒక వాటుకు వెయ్యి మిల్లీవాట్లు. మీరు చూడాల్సింది ఈ రెండో అంకె.

ఒకవేళ ఎవరైనా నిజంగానే వాట్లలో లేజర్ అమ్ముతుంటే అది ఇంట్లో పెట్టే వస్తువు కాదు. 500 మిల్లీవాట్లు దాటిన గీత సూటిగా పడితేనే కాదు, గోడకు తగిలి చెదిరినా కంటికి ప్రమాదం. చర్మాన్ని కాలుస్తుంది, నల్లటి గుడ్డకు తగిలితే పొగ వస్తుంది. అలాంటివి పెద్ద మైదానాల్లో, తెలిసినవాళ్ల చేతుల్లో ఉండాలి. పది అడుగుల స్లాబు కింద వాటికి పనిలేదు. గది చిన్నదైనకొద్దీ తక్కువ బలమే బాగా కనిపిస్తుంది కూడా.

క్లాస్ 2, 3ఆర్, 3బి అని ఏవో ఉంటాయట. అవేంటి?

లేజర్ కంటికి ఎంత ప్రమాదమో చెప్పే తరగతులు అవి. క్లాస్ 1 మామూలు వాడకంలో ప్రమాదం లేనిది. క్లాస్ 2 అంటే కంటికి కనిపించే రంగులో, 1 మిల్లీవాటు లోపు. పొరపాటున పడినా పావు సెకనులో రెప్ప పడుతుంది కాబట్టి కన్ను బయటపడుతుంది. 3ఆర్ అంటే 5 మిల్లీవాట్ల దాకా, ఇక్కడి నుంచి జాగ్రత్త మొదలు. 3బి 5 నుంచి 500 వరకు. దీని గీత నేరుగా కంట్లో పడితే రెప్ప పడేలోపే దెబ్బ తగలొచ్చు. ఆపైది క్లాస్ 4. ఇంటికి 3ఆర్ దాటొద్దు. వీలైతే క్లాస్ 2తో ఆగండి.

డబ్బా మీద లేబులే లేదు. షాపాయన "ఏం కాదు సార్" అంటున్నాడు. నమ్మొచ్చా?

నమ్మొద్దు. షాపాయన అబద్ధం చెబుతున్నాడని కాదు, ఆయనకూ తెలియదు. లేబుల్ ఉన్నవాటికే లెక్క సరిగా ఉండదు. అమెరికాలో ప్రమాణాలు చూసే ఎన్‌ఐఎస్‌టీ అనే సంస్థ 2013లో 122 లేజర్ పాయింటర్లను కొలిచి చూసింది. ఆకుపచ్చవాటిలో దాదాపు 90 శాతం, ఎరుపువాటిలో సుమారు 44 శాతం అక్కడి భద్రతా నిబంధనలకు తగినట్టు లేవు. అవి చేతిలో పట్టుకునే పాయింటర్లు, పార్టీ డబ్బాలు కావు. అయినా చవక లేజర్ల మీద రాసిన అంకెను ఎంతవరకు నమ్మాలో అర్థమవుతుంది.

పసుపు రంగు హెచ్చరిక గుర్తు, క్లాస్, మిల్లీవాట్లు, రంగు తాలూకు నానోమీటర్లు (కాంతి తరంగం పొడవు), ఈ నాలుగూ రాసి ఉన్నది తీసుకోండి. లేబుల్ ఉన్నా సరే, రాసినదానికంటే బలంగానే ఉంటుందనుకుని గీతను మనుషుల ముఖాల మీద పడనివ్వకండి.

ఎరుపు మంచిదా, ఆకుపచ్చ మంచిదా?

కంటికి ఆకుపచ్చే ఎక్కువ. ఒకే బలం ఉన్న 650 నానోమీటర్ల ఎరుపు కంటే 532 నానోమీటర్ల ఆకుపచ్చ మనకు సుమారు ఎనిమిది రెట్లు వెలుగుగా కనిపిస్తుంది. అందుకే రెండు రంగుల డబ్బాలో ఎరుపు ఎప్పుడూ వెలవెలబోయినట్టు ఉంటుంది. అది లోపం కాదు, మన కన్నే అంత.

అయితే చవక ఆకుపచ్చలో ఒక చిక్కుంది. 532 ఆకుపచ్చ నేరుగా పుట్టదు. లోపల 808 నానోమీటర్ల కనిపించని కాంతితో ఒక స్ఫటికాన్ని రెచ్చగొడితే 1064 వస్తుంది, దాన్ని ఇంకో స్ఫటికం సగానికి తగ్గించి 532 చేస్తుంది. ఈ మొదటి రెండూ కంటికి కనిపించని పరారుణ కాంతి. మంచి డబ్బాలో వాటిని ఆపే ఫిల్టర్ ఉంటుంది. పదీ పరకా మిగుల్చుకోవడానికి చవకవాటిలో దాన్ని ఎగ్గొడతారు. కనిపించని కాంతికి రెప్ప పడదు, కాబట్టి అదే ఎక్కువ ప్రమాదం. 520 నానోమీటర్లు అని రాసి ఉంటే అది నేరుగా ఆకుపచ్చ ఇచ్చే డయోడ్, దానికి ఈ బాధ లేదు. దొరికితే అదే తీసుకోండి. దొరక్కపోతే ఎరుపుతో సరిపెట్టుకుని మిగతా రంగులు ఎల్‌ఈడీతో నింపడం నా సలహా.

ఎక్కడ కొనాలి? హైదరాబాద్ కోఠికో, బెంగళూరు ఎస్పీ రోడ్డుకో వెళ్లాలా?

ఒక్క డబ్బా కోసం వద్దు. కర్నూలు నుంచి హైదరాబాద్‌కు, అనంతపురం నుంచి బెంగళూరుకు రెండూ ఇన్నూట పది కిలోమీటర్ల పైచిలుకే. బస్సు చార్జీలకే ఇంకో డబ్బా వస్తుంది. వేరే పని మీద వెళ్తే మాత్రం ఓ చూపు చూడండి, రకాలు ఎక్కువ. మన ఊళ్లలో సీరియల్ సెట్లు, డెకరేషన్ లైట్లు అమ్మే ఎలక్ట్రికల్ షాపుల్లో అడిగితే వినాయక చవితి ముందు, డిసెంబరు చివర్లో సరుకు బాగా ఉంటుంది. మిగతా నెలల్లో ఒకటో రెండో రకాలే దొరుకుతాయి.

ఆన్‌లైన్‌లో తీసుకుంటే పార్టీకి కనీసం పది రోజుల ముందు ఆర్డర్ పెట్టండి. రివ్యూల్లో మాటలకంటే కొన్నవాళ్లు పెట్టిన ఫొటోలు చూడండి. కంపెనీ ఫొటోల్లో గాల్లో తేలే గీతలు చాలావరకు కంప్యూటర్‌లో గీసినవే.

షాపులో ఏం చూసి తీసుకోవాలి?

ముందు ఆన్ చేయించండి. గోడ మీద చుక్కలు చూడండి, డబ్బా లోపలికి కాదు. మధ్యలో ఒక చుక్క మిగతావాటికంటే బాగా మెరుస్తుంటే బిళ్ల నాసిరకం. బలమంతా ఆ ఒక్క చుక్కలోనే పోగవుతోందన్నమాట. అయిదు నిమిషాలు ఆన్‌లోనే ఉంచండి. చెయ్యి పెడితే డబ్బా వేడెక్కి ఉండొచ్చు, కాలకూడదు. మోటారు గరగర అంటుంటే వద్దు. పైకప్పు వైపు వంచి మర బిగించాక అక్కడే నిలబడాలి, తల వాల్చకూడదు. అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే మన వోల్టేజీ ఎత్తుపల్లాలు తట్టుకుంటుంది. దాని మీదే ఆర్ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నంబరు ఉందేమో కూడా చూడండి. ఇళ్లలో పొగ వచ్చేది చాలావరకు అడాప్టర్ నుంచే.

సౌండ్‌కు తగ్గట్టు ఆడే మోడ్ నిజంగా పనిచేస్తుందా?

పనిచేస్తుంది గానీ పాటను అర్థం చేసుకుంటుందనుకోకండి. లోపల చిన్న మైకు ఉంటుంది, దెబ్బ వినిపిస్తే కదులుతుంది. తప్పెటకు, డ్రమ్ముకు బాగా ఆడుతుంది, మెలోడీకి నిద్రపోతుంది. స్పీకర్‌కు ఆనించి పెడితే ఆగకుండా వణుకుతుంది. నాలుగైదు అడుగుల దూరం ఉంచండి. కొన్నిటికి వెనక సెన్సిటివిటీ తిప్పే మీట ఉంటుంది, దాన్ని సగానికి పెట్టండి.

## ఇంట్లో అమర్చేటప్పుడు

డబ్బాను ఎక్కడ పెట్టాలి?

పెద్ద షోలలో లేజర్ గీతలు జనం నిలబడే నేలకు కనీసం 3 మీటర్ల పైన ఉండాలన్నది పాటించే పద్ధతి. మన ఇళ్ల స్లాబు ఎత్తే అంత. కాబట్టి గీత అంత ఎత్తున తలల మీదుగా వెళ్లే అవకాశం ఇంట్లో లేనట్టే. దీనికి దారి ఇది: డబ్బాను సజ్జ మీదో, బీరువా పైనో పెట్టి ముక్కు పైకప్పు వైపు తిప్పండి. లేదా ఎదురు గోడలో తల ఎత్తు దాటిన భాగం మీద పడేలా వంచండి. టీపాయ్ మీద, నేల మీద పెట్టి అడ్డంగా వదలడం చాలా ఇళ్లలో చూస్తాను. కూర్చున్న పెద్దవాళ్లకు, నిలబడిన పిల్లలకు అది సరిగ్గా కంటి ఎత్తు.

తర్వాత గదిలో మెరిసేవి చూడండి. బీరువా అద్దం, టీవీ, ఫొటో ఫ్రేములు, స్టీలు సామాను, చేపల తొట్టి, కిటికీ గాజు. అద్దానికి తగిలిన గీత బలం పెద్దగా తగ్గకుండా ఎటో తిరిగి వస్తుంది. అద్దం మీద దుప్పటి కప్పేయండి. మన వైపు పాలిష్ పెట్టిన కడప బండలు, గ్రానైట్ నేలలు ఎక్కువ. నేల మీదికి వదిలిన లేజర్ అక్కడి నుంచి పైకి లేస్తుంది, కింది నుంచి వచ్చేదాన్ని ఎవరూ ఊహించరు. వెల్ల వేసిన పాత గోడ ఉంటే అదే అన్నిటికంటే మంచి తెర, చుక్కలు పదునుగా పడతాయి, వెలుగు మెత్తగా చెదురుతుంది.

డబ్బాను తాడుతోనో, ప్లాస్టిక్ ట్యాగుతోనో కట్టండి. సౌండ్ అదురుకు బీరువా పైనుంచి మెల్లగా జరుగుతూ వస్తుంది.

ఫొటోలో చూపించినట్టు గాల్లో గీతలు రావడం లేదు. లైట్ పాడైందా?

పాడవలేదు. లేజర్ గాల్లో కనిపించాలంటే గాల్లో ఏదో ఒకటి ఉండాలి: పొగ, దుమ్ము, మంచు. శుభ్రమైన గాలిలో గోడ మీద చుక్కలు మాత్రమే కనిపిస్తాయి. పరీక్షించి చూడాలంటే ఒక సాంబ్రాణి కప్పు వెలిగించండి. పొగ పైకి లేచే చోట గీత ఒక్కసారిగా తేలుతుంది, పొగ వంకర తిరిగితే గీతలో ముడతలు కూడా కనిపిస్తాయి. పార్టీ మొత్తానికి సాంబ్రాణి మీద ఆధారపడితే మాత్రం అందరూ దగ్గుతూ బయటికి వస్తారు. చిన్న హాలుకు 400 వాట్ల పొగ మిషన్ సరిపోతుంది.

పొగ మిషన్ ఇంట్లో వాడితే ప్రమాదమా?

సరైన ద్రవం పోసి, తక్కువగా వదిలితే సమస్య ఉండదు. ఆ ద్రవం నీళ్లు, గ్లైకాల్ లేదా గ్లిజరిన్ కలిపినది. దాంట్లో నూనె, సెంటు, డీజిల్ లాంటివి కలపొద్దు, వేడి పలక మీద మంట లేస్తుంది. ఆన్ చేశాక మూడు నుంచి ఐదు నిమిషాలు వేడెక్కుతుంది. తర్వాత రెండు మూడు సెకన్లు వదిలి ఆపండి. ఫ్యాను నెమ్మదిగా తిరిగితే గది అంతా పరుచుకుంటుంది. మనిషి కనిపించనంత పొగలో లేజర్ కూడా కనిపించదు. పలచగా ఉన్నప్పుడే గీతలు అందంగా ఉంటాయి.

ఆస్తమా ఉన్నవాళ్లు, పసిపిల్లలు ఉంటే వద్దు. మిషన్ మూతి ముందు నున్నటి బండల మీద జిడ్డు పొర పడుతుంది, డాన్సు చేసేవాళ్లు జారతారు. అక్కడ పాత గోనెసంచి పరవండి. అపార్ట్‌మెంట్‌లో పొగ అలారం ఉంటే వాచ్‌మన్‌కు ముందే చెప్పండి. పెళ్లిళ్లలో నేల మీద పాకే పొగకు వాడే డ్రై ఐస్ మాత్రం మూసిన గదిలో ఎప్పుడూ వద్దు, అది కార్బన్ డయాక్సైడ్, ఊపిరాడదు.

మిద్దె మీద పార్టీ. అక్కడ లేజర్ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, కానీ మిద్దె మీద గోడ ఉండదన్నది మర్చిపోవద్దు. మీ డబ్బా నుంచి వెళ్లిన గీత పక్కింటి కిటికీలో, రోడ్డు మీద బండి నడిపేవాడి కంట్లో పడుతుంది. 44వ నంబరు హైవే కర్నూలు, అనంతపురం రెండిటి మీదుగా పోతుంది, ఆ వైపు తిప్పొద్దు. ఆకాశంలోకి అసలే వద్దు. కడపలో 2015 నుంచి, కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2021 నుంచి విమానాలు దిగుతున్నాయి. కింద సన్నగా ఉన్న గీత పైకి వెళ్లేసరికి వెడల్పై కాక్‌పిట్ అద్దమంతా మెరుస్తుంది, పైలట్‌కు కళ్లు బైర్లు కమ్ముతాయి.

మెట్ల గది గోడ ఉంటే దాని మీదికి వదలండి. లేకపోతే షామియానా వాళ్ల దగ్గర తెల్ల పరదా తీసుకుని ఒక పక్క కట్టించండి. ఎండాకాలం ఏడున్నర దాకా సరిగా చీకటి పడదు, ముందే ఆన్ చేసి నిరాశ పడకండి. ఇక ఆషాఢం గాలిలో, అందులోనూ అనంతపురం వైపు, పొగ మిషన్ పెట్టడం అంటే డబ్బులు గాలికి వదలడమే.

షామియానా కింద పెద్ద లేజర్ పెడతామని డీజే వాళ్లు అంటున్నారు. ఒప్పుకోవాలా?

వద్దు. 2008 జూలైలో రష్యాలో, మాస్కోకు దూరంగా జరిగిన ఒక సంగీతోత్సవంలో ఇదే జరిగింది. ఆరుబయట ఆకాశంలోకి వదలాల్సిన బలమైన లేజర్లు అవి. వాన రావడంతో పైన టెంటు కప్పారు, లేజర్లు మాత్రం అలాగే నడిపారు. గీతలు జనం మీద పడి ముప్పై మంది దాకా కంటి రెటీనాకు కాలిన గాయాలయ్యాయి. మనకు దగ్గరగా చూస్తే, మహారాష్ట్రలో గణేశ్ ఊరేగింపుల లేజర్లతో కళ్లు దెబ్బతిన్నాయని కంటి డాక్టర్లు చెప్పారు, 2024 ఉత్సవాల్లో పుణే పోలీసులు లేజర్ బీమ్ లైట్లను నిషేధించారు. డీజే వాళ్లతో ముందే మాట్లాడి పార్ లైట్లు, ఎల్‌ఈడీ బార్లు పెట్టించుకోండి. "అందరూ పెట్టించుకుంటున్నారన్నా" అంటారు. అననివ్వండి.

కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడుస్తుందా?

లేజర్ డబ్బా నడుస్తుంది, అది తినేది పది వాట్ల లోపే. యూఎస్‌బీ రకమైతే పవర్ బ్యాంకు మీద కూడా ఆడుతుంది. పొగ మిషన్‌ను ఇన్వర్టర్ మీద పెట్టొద్దు, వేడెక్కేటప్పుడు 400 వాట్లు లాగి బ్యాటరీని తాగేస్తుంది. మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు 230 వోల్టుల దగ్గర 1380 వాట్ల దాకా మోస్తుంది. కూలరు, యాంప్లిఫయరు, పొగ మిషన్ మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తే ఆ లెక్క దగ్గరకొస్తుంది. రెండు వేర్వేరు గోడ ప్లగ్గులకు పంచండి.

మే నెల ఎండల్లో పనిచేస్తుందా?

రాత్రి అయితే పనిచేస్తుంది. లేజర్ డయోడ్‌కు వేడి పడదు, వెలుగు తగ్గుతుంది, ఆయుష్షు కూడా. పొద్దున్నే మిద్దె మీద బిగించి రోజంతా ఎండలో వదిలేయకండి, పొద్దు గూకాక పైకి తీసుకెళ్లండి. గంట ఆడించి పది నిమిషాలు ఆపండి.

## పార్టీ నడుస్తుండగా

టపటపా కొట్టుకునే మోడ్ పెడితే ఒకరికి తల తిరిగింది. ఎందుకు?

దాన్ని స్ట్రోబ్ అంటారు. కాంతి సెకనుకు 3 నుంచి 30 సార్లు వెలిగి ఆరుతుంటే కొందరికి ఫిట్స్ రావచ్చు. మూర్ఛ ఉన్నవాళ్లలో సుమారు 3 శాతం మందికి ఈ సమస్య ఉంటుంది. పిల్లల్లో, టీనేజీ వయసులో ఎక్కువ. ఫిట్స్ లేనివాళ్లకూ తలనొప్పి, వికారం మామూలే. నా మటుకు నేను ఇళ్లలో స్ట్రోబ్ పెట్టను. బాగోలేదన్నవాళ్లను వెంటనే వెలుతురు గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు. చేతిలో తాళాలు పెట్టడం లాంటివి మానేయండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

ఫొటోల్లో అందరి ముఖాల మీద ఆకుపచ్చ మచ్చలు పడుతున్నాయి. ఏం చేయాలి?

ముఖాల మీద మచ్చలు పడుతున్నాయంటే కళ్లలో కూడా పడుతున్నట్టే. ముందు డబ్బా ముక్కు పైకి ఎత్తండి. కేకు కోసేటప్పుడు, గ్రూప్ ఫొటోలప్పుడు లేజర్ ఆపేసి మామూలు లైటు వేయండి, అమ్మమ్మ ముఖం పచ్చగా ఉన్న ఫొటోను ఎవరూ ఫ్రేము కట్టించుకోరు. ఫోన్ కెమెరాను డబ్బా వైపు పెట్టి వీడియో తీయొద్దు. గీత సూటిగా పడితే కెమెరా సెన్సార్ మీద శాశ్వతంగా గీతలు, చుక్కలు మిగిలిపోతాయి.

పిల్లలు రిమోట్ పట్టుకుని ఆడుతున్నారు. పర్వాలేదా?

రిమోట్ లాక్కోండి. అందులో బిళ్ల బ్యాటరీ ఉంటుంది. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. మింగారని అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఎన్ని గంటల దాకా నడపొచ్చు?

లైట్లకు గంట కట్టినవాళ్లు లేరు, పాటలకు ఉంది. 2000 నాటి శబ్ద నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. తలుపులు మూసుకుని చిన్న స్పీకర్‌తో పాడుకోవడం వేరు, మిద్దె మీద బాక్సులు పెట్టడం వేరు. పక్కింటి ఆంటీకి ముందు రోజే రెండు స్వీట్లు ఇచ్చి చెప్పి రావడం ఎప్పుడూ పనిచేస్తుంది.

## అయిపోయాక

లేజర్ కంట్లో పడింది. నొప్పి లేదు. వదిలేయొచ్చా?

నొప్పి లేదని వదిలేయొద్దు. దెబ్బ తగిలేది కంటి వెనకాల రెటీనాకు, అక్కడ నొప్పి తెలియదు. ఫ్లాష్ కొట్టినట్టు మచ్చ కనిపించి కొద్ది నిమిషాల్లో పోతే సాధారణంగా భయం లేదు. మచ్చ అలాగే ఉన్నా, మధ్యలో మసకగా ఉన్నా, తలుపు అంచు లాంటి నిట్టనిలువు గీత వంకరగా కనిపించినా మర్నాడే కంటి డాక్టర్‌కు చూపించండి. ఒక్కో కన్ను మూసి రెండు కళ్లూ విడివిడిగా పరీక్షించుకోండి. రెండూ తెరిచి చూస్తే బాగున్న కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుంది. కన్ను నలపడం, మందుల షాపులో చుక్కలు కొని వేసుకోవడం వద్దు. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. లేజర్ పడిందని స్పష్టంగా చెప్పండి, రెటీనా పొరలను చూసే ఓసీటీ స్కాన్ అవసరమో కాదో వాళ్లు నిర్ణయిస్తారు.

ఎలా శుభ్రం చేసి దాచాలి?

ప్లగ్గు తీసేసి చల్లారనివ్వండి. ముందున్న గాజును కళ్లద్దాల గుడ్డతో పొడిగా తుడవండి, తడి గుడ్డ వద్దు. రిమోట్‌లో బ్యాటరీ తీసేయండి, లేకపోతే ఏడాదికి కారిపోతుంది. పొగ మిషన్ మీ సొంతదే అయితే ద్రవం ఖాళీ చేసి పెట్టండి.

ఎరుపు వస్తోంది, ఆకుపచ్చ రావడం లేదు. రిపేరు చేయించాలా?

డిసెంబరు, జనవరి చలిలో అయితే కాసేపు ఆగి చూడండి. 532 రకం ఆకుపచ్చ చలికి మొరాయిస్తుంది, పది నిమిషాలు ఆన్‌లో ఉంటే తిరిగి వస్తుంది. ముందే గదిలో ఉంచి తెచ్చినా సరిపోతుంది. అప్పటికీ రాకపోతే అడాప్టర్ మార్చి చూడండి, వోల్టేజీ సరిగా అందకపోయినా ముందు పోయేది ఆకుపచ్చే. అదీ కాదంటే లోపల ఆకుపచ్చ పుట్టించే భాగం (మాడ్యూల్) పోయింది. దాన్ని మార్చడానికయ్యే ఖర్చు దాదాపు కొత్త డబ్బా అంత. మూత విప్పి ఆన్ చేసి చూడొద్దు, బిళ్ల లేకుండా వచ్చే ఒంటి గీత చీలిన చుక్కలకంటే ఎన్నో రెట్లు బలమైనది. ఎరుపు ఒక్కటి ఆడుతున్నా చిన్న గదికి పనికొస్తుంది, పక్కన ఒక నీలం ఎల్‌ఈడీ పెట్టుకోండి.